మా ముందుగదిలో నల్ల జాగ్వార్

మొన్న మా కాలేజీ పిల్లల్ని జంతుప్రదర్శనశాలకు తీసుకువెళ్ళాను. జువాలజీ పాఠం చెప్పే పంతులమ్మకి ఏటా తప్పని తిరునాళ్ళ అది. బస్సులో వాంతులు చేసుకునేవాళ్ళని ముందు సీట్లో కూర్చోబెట్టడం, కోతుల దగ్గర సెల్ఫీలు చాలని కసురుకోవడం, మొసలి కదలడం లేదని రాయి విసరబోయినవాణ్ణి చెయ్యి పట్టుకుని ఆపడం, ఇంతా అయ్యాక పెద్ద పిల్లుల వైపు వెళ్ళాం. అక్కడ మందపాటి అద్దం వెనక నల్ల జాగ్వార్ ఉంది. పిల్లలు దాన్ని నల్ల చిరుత అన్నారు. నాకు ఒళ్ళు మండింది. చిరుత వేరు, జాగ్వార్ వేరు, తల చూడండి ఎంత బండగా ఉందో, కాళ్ళు చూడండి ఎంత పొట్టిగా బలంగా ఉన్నాయో అని మొదలుపెట్టాను. అంతలో అది ఎండలోకి వచ్చి పక్కకి తిరిగింది. నల్లటి ఒంటి మీద అంతకంటే నల్లటి మచ్చలు, పువ్వుల్లా గుండ్రంగా, మధ్యలో చిన్న చుక్కలతో సహా కనిపించాయి. జాగ్వార్లలో నల్లవి పుట్టడమే అరుదు. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూశారు. అది మాత్రం మమ్మల్ని చూడకుండా అద్దం పొడవునా నడుస్తూనే ఉంది, నడిచి నడిచి అక్కడ గడ్డి లేని బాట పడిపోయింది.

మేడమ్, మీరెప్పుడైనా దీన్ని అడవిలో చూశారా అండీ అని ఒకమ్మాయి అడిగింది. చూశానన్నాను. ఒకసారి పరిశోధన బృందంతో బ్రెజిల్ చిత్తడి నేలల్లోకి వెళ్ళినప్పుడు, మేమున్న పడవకి ఎదురుగా మచ్చల జాగ్వార్ ఒకటి ఏటిని అడ్డంగా ఈదుకుంటూ వచ్చింది. తల ఒక్కటే పైకి, తోక కొస ఒక్కటే వెనక. పిల్లి జాతికి నీళ్ళంటే అసహ్యమని మనం అనుకుంటాం గానీ దీనికి మాత్రం ఏరే రాచబాట. పడవలో ఉన్నవాళ్ళందరి చేతుల్లోనూ కెమెరాలు ఉన్నాయి, ఫొటో తీయాలన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. అది ఒడ్డెక్కి, ఒళ్ళు విదిల్చుకుని, మా వంక ఒక్క చూపు చూసి రెల్లులోకి వెళ్ళిపోయింది. అయితే నేను చూసిన మొదటి జాగ్వార్ అదీ కాదు. మొదటిదాన్ని అమలాపురంలో, మా ముందుగదిలో చూశాను. ఆ మాట చెబితే పిల్లలు నవ్వారు. నవ్వనిమ్మని ఊరుకున్నాను గానీ, ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆ ముందుగది నన్ను వదలలేదు.

మా ఇంట్లో తెల్లవారేది మామ్మ గొంతుతో. మామ్మ అంటే మా నాన్నగారి తల్లి. ఆడపిల్లల బడిలో టీచరుగా చేసి రిటైరైంది గానీ టీచరుతనం మాత్రం రిటైరు కాలేదు. చీకటితోనే లేచి, దొడ్లో కొబ్బరి డొక్కలు రాజేసి నీళ్ళు పెట్టి, ఆ పొగలోనే నిలబడి పైకి ప్రార్థన చేసేది. వీధిలో ఎవరికి జ్వరం, ఎవరింట్లో పరీక్షలు, ఎవరి గేదె ఈనాలి, అన్నీ దేవుడికి పేర్లతో సహా అప్పజెప్పేది. డొక్కల పొగ, కాఫీ వాసన, ఆదివారం చీరల్లోంచి కలరా ఉండల ఘాటు, మధ్యాహ్నానికి పక్కింటి ఎండుచేపల వేపుడు, ఇవన్నీ కలిస్తే మా ఇల్లు. సాయంత్రం కుటుంబ ప్రార్థన. ప్రార్థన అయ్యాక ఎవరూ లేవకూడదు. ఇంట్లో తగవులేమైనా ఉంటే అప్పుడే మామ్మ ముందు పెట్టాలి, ఆవిడ తీర్పు చెప్పాలి. బయట హైస్కూలు పిల్లల్ని చూపుతోనే వణికించే మా నాన్నగారు కూడా ఆ వేళకి చాప మీద బాసింపట్టు వేసుకుని, మామ్మ ఏమంటే దానికి ఆయ్ అనేవారు. మామ్మ తీర్పు మీద అప్పీలు లేదు.

అలాంటి ఇంటికి కంప్యూటరు వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా చిన్నాన్న కొత్తది కొనుక్కుని పాతది మాకు తెచ్చిచ్చాడు. ఇంత లావు మోనిటరు, వేసవిలో గదంతా వేడెక్కించే డబ్బా, కరెంటు పోతే కీచుమని ఏడ్చే బ్యాటరీ పెట్టె. మామ్మ దాని కోసం ప్రత్యేకంగా తెల్ల దారంతో లేసు అల్లి గుడ్డ కప్పింది. పెళ్ళికూతురి మేలిముసుగులాంటి ఆ గుడ్డ తీసి, మడతపెట్టి, పక్కన పెట్టాకే ఎవరైనా మీట నొక్కాలి. నాన్నగారు నా చదువు కోసమే దాన్ని ఉంచుతున్నానని ఊరందరికీ చెప్పారు. చిన్నాన్న వెళ్తూ వెళ్తూ అందులో ఒక ఆట ఎక్కించి పోయాడు. ఆ సంగతి నాన్నగారికి తెలీదు.

ఆట సంగతి ఇది. ఎక్కడో పెద్ద ఏటి ఒడ్డున అడవి. వరదకి శ్మశానం కొట్టుకుపోయి, చచ్చిపోయినవాళ్ళు లేచి చేతులు చాపుకుని తూలుతూ తిరుగుతుంటారు. జాంబీలంటారు వాళ్ళని. మన చేతిలో తుపాకి. వాళ్ళని కాల్చుకుంటూ అడవి దాటి, అటు చివర రేవులో ఉన్న పడవ ఎక్కాలి. చిన్నాన్న ఆడితే పేలుళ్ళే పేలుళ్ళు. నాకు ఆ కాల్పుల మీద అంత మోజు లేదు. కానీ ఆ అడవిలో మధ్య మధ్య ఒక నల్ల జాగ్వార్ కనిపించేది. చెట్ల మధ్య నుంచి వచ్చి, ఆగి, మెరిసే కళ్ళతో చూసి వెళ్ళిపోయేది. వెలుతురు పక్కనుంచి పడితే ఒంటి మీద మచ్చలు తేలేవి. మా స్కూలు లైబ్రరీలో ఏనుగూ పెద్దపులీ తప్ప ఇంకో బొమ్మ చూసి ఎరగని నాకు అదొక అద్భుతం. దాన్ని కాలిస్తే ఆటలో ఎక్కువ మార్కులు వస్తాయని చిన్నాన్న చెప్పాడు. ఆ మార్కులు గంగలో కలవనీ అనుకున్నాను, దాని మీద ఒక్క గుండూ పేల్చలేదు. అది కనిపించే చోటికి చేరడం కోసమే దారిలో జాంబీలని కాల్చుకుంటూ పోయేదాన్ని.

ఈస్టరు పండగకి ముందు ఉపవాసాలుండే లెంటు దినాల్లో మా చర్చివాళ్ళు రోజుకొక ఇంట్లో సాయంత్రం ప్రార్థన కూడిక పెట్టుకుంటారు. మా ఇంటి వంతు ఎప్పుడో మాట్లాడడానికి పాస్టరు అయ్యగారు వచ్చారు. నేను ఆటలో పడి చూసుకోలేదు. ఆయన నా వెనక కాసేపు నిలబడి, వరండాలోకి వెళ్ళి నాన్నగారి పక్కన కూర్చున్నారు. గొంతు తగ్గించే చెప్పారు గానీ నాకు ప్రతి మాటా వినిపించింది.

“మాస్టారండీ, మీరు వేరేలా అనుకోకండి. చచ్చినోళ్ళు లేచి తిరగడం, చిన్నపిల్ల వాళ్ళని కాల్చడం, ప్రార్థన జరిగే ఇంట్లో అదేం బాగుంటదండీ?”

నాన్నగారు తల వంచుకుని, “ఆయ్, నిజమేనండీ. పండగ వెళ్ళేక తమ్ముడికి పంపించేస్తానండీ” అన్నారు.

నాకు బెంగ పట్టుకుంది. ఆట పోతుందని కాదు, ఆ జంతువు పోతుందని. అది మా ఊళ్ళో లేదు, మా పుస్తకాల్లో లేదు, మా టీవీలో రాదు. ఉన్నది ఒక్క ఆ డబ్బాలోనే. డబ్బా హైదరాబాదు బస్సెక్కిందంటే ఇక నాకు దాని మొహం కనిపించదు. అన్నం మానేశాను. అమ్మ బుజ్జగించింది, తిట్టింది, చివరికి నీ కర్మ అంది. ప్రార్థన అయ్యాక నేనే మామ్మ ముందు తగవు పెట్టాను. మామ్మ వెంటనే తీర్పు చెప్పలేదు. చూడకుండా మార్కులు వెయ్యనని, రేపు తనకి ఆ ఆట చూపించమని అంది.

మర్నాడు కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీ లాక్కుని, విసనకర్రతో నా పక్కన కూర్చుంది. నేను ఆట మొదలుపెట్టి, ఎదురొచ్చిన మొదటి జాంబీని అలవాటుగా కాల్చేశాను. విసనకర్ర ఆగిపోయింది.

“ఎవరే వీళ్ళంతా, బేబీ?”

చచ్చిపోయి లేచినవాళ్ళని చెప్పాను.

“లేచేరా?” అంది మామ్మ. ఆ గొంతులో ఉన్నది భయం కాదు, సంబరం. “మరి లేచినోళ్ళని ఎందుకు కాలుస్తున్నావు?”

వాళ్ళు నన్ను చంపేస్తారని, చూడు ఎలా చేతులు చాపుకుని మీదికి వస్తున్నారోనని అన్నాను.

“అన్నేళ్ళు పడుకుని లేస్తే కాళ్ళు తిమ్మిరెక్కవా? చీకట్లోంచి వచ్చినోళ్ళకి వెంటనే కళ్ళు ఆనతాయా? తడుముకోడానికి చేతులు చాపుతున్నారు. ఆకలి కూడా వేస్తదాయె. నిన్ను చంపుతారని నీకెవరు చెప్పేరు, వాళ్ళు చెప్పేరా?”

ఇది ఇప్పుడు మీకు నవ్వులాటగా ఉంటుంది. మామ్మకి కాదు. చచ్చినవాళ్ళు ఒకరోజు లేస్తారని ఆవిడ నమ్మకం, నమ్మకమంటే పుస్తకంలో చదువుకున్న నమ్మకం కాదు, రేపు పాలవాడు వస్తాడన్నంత నమ్మకం. ఈస్టరు ముందు రోజుల్లో సమాధుల తోటకి మమ్మల్నందర్నీ తీసుకుపోయి, కలుపు పీకించి, సున్నం వేయించేది. ఒక్కో సమాధి దగ్గరా ఆగి అందులో ఉన్నవాళ్ళ పేరు, వాళ్ళు ఏ కూర ఇష్టంగా తినేవారు, ఎవరితో మాట్లాడ్డం మానేశారు, అన్నీ చెప్పేది. మా తాతయ్యగారి సమాధి దగ్గర మాత్రం ఎక్కువసేపు నిలబడేది. ఆయన లేచి వచ్చేసరికి తను కూడా చేరువలోనే ఉండాలని పక్కన స్థలం కూడా చూసిపెట్టుకుంది. అలాంటి మనిషికి తెర మీద లేచినవాళ్ళు కనిపించారు, వాళ్ళని సొంత మనవరాలు తుపాకితో పడగొడుతోంది.

“రేపు మీ తాతయ్యగారు లేచొస్తే ఇలాగే కాలుస్తావా?” అని అడిగింది మామ్మ.

నా చెయ్యి మౌసు మీద నుంచి దానంతట అదే జారిపోయింది. అప్పుడే తెర మీదికి జాగ్వార్ వచ్చింది. చెట్టు మొదలు దగ్గర ఆగి మా ఇద్దరినీ చూసింది. మామ్మ ముందుకి వంగి, ఎంత బాగుందే ఇది అని, కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుని చూసింది.

ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక తీర్పు వచ్చింది. నాన్నగారి వైపు తిరిగి, “ఈ కంప్యూటరు మిషను మీద నాకేం కోపం లేదు. పులీ మంచిదే, దేవుడు చేసిందే. లేచినోళ్ళని కాల్చడం ఒక్కటే పాపం. మనింటి కూడిక నాడు అందరి ముందూ బేబీ ఆ అడవిని ఒక్కళ్ళనీ కాల్చకుండా దాటిందా, మిషను ఇంట్లో ఉంటది. ఒక్క గుండు పేలిందా, నువ్వన్నట్టే పంపించేద్దాం” అంది. నాన్నగారు ఆయ్ అన్నారు. అమ్మ నా వంక జాలిగా చూసింది.

కాల్చే ఆటని కాల్చకుండా ఆడడమంటే ఏమిటో ఎవరికి వారు ఆడి చూసుకోవాలి. ఆ ఆట చేసినవాళ్ళెవరూ అలాంటి మనిషి ఒకతె పుడుతుందని కలలో కూడా అనుకుని ఉండరు. పరిగెత్తితే వెంటపడ్డారు. దాక్కుంటే చుట్టుముట్టారు. ప్రతిసారీ శ్మశానం మలుపు దాటకుండానే నా పని అయిపోయేది. స్కూలు నుంచి వచ్చి చచ్చిపోవడం, టిఫిను తిని మళ్ళీ చచ్చిపోవడం. వేసవి ఉక్కకి చెమటలు కారుతుంటే కీబోర్డు మీద వేళ్ళు జారేవి. నాకు మామ్మ మీద కోపం వచ్చింది, అయ్యగారి మీద వచ్చింది, లేచి వచ్చిన ఆ సన్నాసులందరి మీదా వచ్చింది. ఒకరోజు విసిగిపోయి, దాటినా దాటకపోయినా ఒకటే, పోయేలోపు కనీసం దాన్ని కళ్ళారా చూసుకుందామని జాగ్వార్ వెనకే నడిచాను.

అప్పుడు తెలిసింది నాకు. అది వాళ్ళ మధ్యనుంచే వెళ్తోంది, ఒక్కరూ తల తిప్పడం లేదు. అది పరిగెత్తదు. ఎండుటాకులున్న చోట అడుగు పెట్టదు. ఎవరైనా దగ్గరికి వస్తే ఒక కాలు గాల్లో ఉండగానే ఆగిపోతుంది, ఆ కాలు దించను కూడా దించదు. వాళ్ళు దాటిపోయాక మిగతా అడుగు పూర్తి చేస్తుంది. దారి మూసుకుపోతే నీళ్ళలోకి దిగుతుంది. లేచినవాళ్ళకి చప్పుడు ఒకటే ఆనవాలు, వాళ్ళు నీళ్ళలోకి రారు. నేను కూడా అది నడిస్తే నడిచాను, ఆగితే ఆగాను, ఏట్లో దిగితే దిగాను. మొదటిసారి శ్మశానం మలుపు దాటాను. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ చిత్తడి నేలల్లో అసలు జాగ్వార్ ఒక కాలు ఎత్తి ఆగినప్పుడు నాకు అర్థమైంది, ఆ ఆట చేసినవాళ్ళలో ఎవరో ఒకరు దాని వెనక చాలాకాలం తిరిగినవాళ్ళే. అంతవరకు కాలిస్తే మార్కులొచ్చే బొమ్మ అని చిన్నాన్న అనుకున్నది, అడవి దాటే విద్య నేర్పే గురువు.

కూడిక రోజు వచ్చింది. ప్రార్థనకి ఇంకా పొద్దు ఉండగానే వీధిలో ఆడవాళ్ళందరూ పాటల పుస్తకాలతో వచ్చి ముందుగదిలో చాపల మీద సర్దుకున్నారు. టీచరుగారి మనవరాలు ఏదో చేస్తుందట అన్న కబురు ముందే పాకింది. అయ్యగారికి మామ్మ తన కుర్చీ వేసి తను స్టూలు మీద కూర్చుంది. లేసు గుడ్డ తీసి మడతపెట్టింది. కరెంటు పోకుండా చూడమని దేవుణ్ణి పైకే అడిగింది, అందరూ ఆమేన్ అన్నారు. 

మొదలుపెట్టాను. శ్మశానం దగ్గర లేచినవాళ్ళు కనిపించగానే చాపల మీద నుంచి ఒకటే గుసగుసలు. మామ్మ వాళ్ళకి ముందే పాఠం చెప్పినట్టుంది, ఒకావిడ అయ్యో పాపం, ఎవరి పిల్లలో అంది. జాగ్వార్ వచ్చింది, దాని వెనక నడిచాను. అది ఆగితే గది మొత్తం ఊపిరి బిగబట్టేది. ఒక ముసలామె బొమ్మ నా దారికి అడ్డంగా తూలుతూ వస్తే మామ్మ తెరతోనే మాట్లాడింది, పక్కకి రా తల్లీ, పిల్ల వెళ్తోంది అని. ఆ బొమ్మ నిజంగానే పక్కకి వెళ్ళింది. రెల్లు దాటాం, నీళ్ళలో దిగాం, మళ్ళీ ఒడ్డెక్కాం. రేవు కనిపించింది. అక్కడ జాగ్వార్ నన్ను వదిలేసి ఎప్పట్లాగే చెట్లలోకి వెళ్ళిపోయింది. చెక్క వంతెన ఒకటి మిగిలింది. దాని మీద, ఒక్క మనిషి పట్టే వంతెన మీద, చేతులు చాపుకుని ఒక ముసలాయన ఎదురొస్తున్నాడు. అంతకుముందు నేను ఆడినప్పుడెప్పుడూ ఆయన అక్కడ లేడు.

వెనక్కి పోదామంటే అక్కడ గుంపు. పక్కకి తప్పుకుందామంటే చోటు లేదు. ఆయన మొహం పెద్దదై, పెద్దదై, తెర నిండిపోయింది. నా వేలు మీట మీద ఉంది. ఒక్క నొక్కు నొక్కితే ఆయన పడిపోతాడు, దాంతో పాటే నా జాగ్వార్ బస్సెక్కుతుంది. నొక్కకపోతే నేను చస్తాను, అప్పుడూ అంతే. అంతలో నా వెనక కుర్చీలోంచి అయ్యగారు సగం పైకి లేచిపోయారు.

“మీదకొచ్చేస్తున్నాడమ్మాయ్, కాల్చెయ్!”

మామ్మ తల తిప్పి ఆయన వంక చూసింది. బడిలో ఎన్ని తరగతుల్ని ఆ చూపుతో కూర్చోబెట్టిందో గానీ అయ్యగారు కూర్చున్నారు. నేను మీట మీద నుంచి వేలు తీసేశాను. అడుగు ముందుకు వెయ్యలేదు, వెనక్కి వెయ్యలేదు. సగం అడుగులో ఆగిపోయిన జాగ్వార్ ఎలా ఉంటుందో అలా ఉండిపోయాను, ఊపిరి కూడా నాదో తెరలోని మనిషిదో తెలియలేదు. ముసలాయన నా మొహంలోకి మొహం పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత చేతులతో గాలిని తడుముకుంటూ, భుజానికి భుజం రాసుకుంటూ నన్ను దాటి వెళ్ళిపోయాడు. నేను నాలుగడుగులు నడిచి పడవెక్కాను.

గదిలో ఏం జరిగిందో వరసగా చెప్పలేను. ఆడవాళ్ళు స్తోత్రం స్తోత్రం అంటున్నారు, అమ్మ ఏడుస్తోంది, నాన్నగారు కూడిక సంగతి మర్చిపోయి నా వీపు తడుతున్నారు. అయ్యగారు లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, నా చెయ్యయితే ఆగేది కాదమ్మా అన్నారు. అంతమంది పెద్దవాళ్ళ ముందు ఆ మాట అనడానికి మనసుండాలి, అప్పట్నుంచి నాకు ఆయనంటే గౌరవం. మామ్మ లేసు గుడ్డ తీసుకుని, దులిపి, మోనిటరు మీద కప్పింది. అంటే మిషను ఇక ఇంట్లో ఉన్నట్టే.

ఆ రోజులే వేరండీ అని నిట్టూర్చేవాళ్ళంటే నాకు మంట. ఏం వేరు? నాకు ఒక నల్ల జాగ్వార్ని చూడ్డానికి ఇంత యుద్ధం కావలసి వచ్చింది. ఇప్పుడు మా కాలేజీ పిల్లలు ఫోన్లో వేలు కదిపితే దాని మీసాలు లెక్కపెట్టవచ్చు, బస్సెక్కితే అద్దం ఇవతల నిలబడి చూడవచ్చు. ఇది మంచి కాలమే. నా క్లాసులో వెనక బెంచీ పిల్లలు ఆడే జాంబీల ఆటలు చూస్తే ఎంత నిజంలా ఉంటాయో, నాకూ ఆడాలనిపిస్తుంది, ఆడతాను కూడా. ఒక్కటే తేడా చూశాను. వాళ్ళు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కళ్ళే ఆడతారు. వెనక కుర్చీ వేసుకుని, విసనకర్ర ఆపి, ఎవరే వీళ్ళంతా అని అడిగేవాళ్ళు ఎవరూ లేరు. నేను చదివిన జంతుశాస్త్రమంతా, తిరిగిన అడవులన్నీ, ఆ ప్రశ్న దగ్గర మొదలైనవే. ఒక ప్రాణిని చూడగానే దాన్నేం చెయ్యాలో అనుకోకుండా, ముందు అదెవరో అడగడం మామ్మ నేర్పింది. మామ్మ ఇప్పుడు సమాధుల తోటలో, తను చూసిపెట్టుకున్న చోటే, తాతయ్యగారి పక్కన ఉంది. ఏటా వెళ్ళి సున్నం నేనే వేస్తాను, పక్క సమాధులవాళ్ళు ఏ కూర ఇష్టంగా తినేవారో నాతో వచ్చిన పిల్లలకి చెబుతాను.

ఆ యేడు ఈస్టరు ఆదివారం చర్చి కిటకిటలాడింది. ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే లేవండని అయ్యగారు అన్నారు. రోగం తగ్గినవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు లేచి నాలుగు ముక్కలు చెప్పి దేవుడికి వందనాలు చెప్పుకోవడం మా ఆనవాయితీ. మామ్మ లేచింది. గంజి పెట్టిన తెల్లచీర, చేతిలో మడిచిన రుమాలు. ఎన్నో ఏళ్ళుగా ఆ చర్చికి వస్తున్నా ఆవిడ ఎప్పుడూ సాక్ష్యం చెప్పలేదని, చెప్పేవాళ్ళ తప్పులు దిద్దడమే తప్ప నోరు విప్పలేదని అందరికీ తెలుసు. మైకు అక్కర్లేదని చేత్తో వారించింది.

“మా బేబీ లేచినోళ్ళ మధ్యలోంచి నడిచి, ఒక్కళ్ళనీ నొప్పించకుండా ఒడ్డుకి చేరిందండీ. అందరూ చూసేరు, అయ్యగారు కూడా చూసేరు. రేపు మనోళ్ళు లేచొచ్చిన రోజున ఎవరూ కంగారుపడి వాళ్ళ మీద చెయ్యి చేసుకోకండి. ఏం చెయ్యాలో తెలియకపోతే దీన్నడగండి, దీనికి తెలుసు.”

చర్చి మొత్తం ఆమేన్ అంది. అన్ని గొంతుల్లోకీ అయ్యగారి గొంతే పెద్దగా వినిపించింది. మామ్మ నా రెక్క పట్టుకుని లేవదీసి అందరికీ కనిపించేలా నిలబెట్టింది. మగవాళ్ళ వైపు నుంచి, ఆడవాళ్ళ వైపు నుంచి, పాటలు పాడే పిల్లల వైపు నుంచి అందరూ నన్నే చూస్తున్నారు. నేను తల దించుకోలేదు.